కళ్ళు తిరిగితే కొండని చూడు

గాజువాక,
జూలై, ఆదివారం

చిరంజీవి ఆశకి, మీ బావ సింహాద్రి దీవించి రాసేది.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటి, బావకి మతిగానీ పోయిందా అని నవ్వుతున్నావు కదూ? నవ్వుకో. ఫోన్ చేద్దామంటే మీ అక్క సంగతి నీకు తెలియనిదా? నా ఫోన్ మోగితే చాలు, వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి స్పీకర్ నొక్కేస్తుంది. "మొగుడూ పెళ్ళాలకి దాపరికాలేటి?" అంటుంది. సరే, దాపరికం లేదు. కానీ పావురాల మాటెత్తితే ఆ రోజంతా నాకు తిట్లే. "డాబా నిండా రెట్టలు! ఆటికి బదులు కోళ్ళు పెంచితే గుడ్లైనా తిందుం" అని ఊళ్ళో అందరికీ వినబడేలా అంటుంది. అందుకే ఈ కాగితం.

జవాబు ఎల్లారావు ఇంటికి రాయి, కవరు మీద వాడి అడ్రసు ఉంది. వాడు నీకు తెలుసు కదా, రేవులో నేను పైన క్రేను క్యాబిన్‌లో కూర్చుంటే కింద ఓడ ఆగే బెర్తు మీద నిలబడి సైగలిచ్చేవాడు. వాడి చెయ్యి లేస్తే నా హుక్కు లేస్తుంది, వాడి చెయ్యి దిగితే దిగుతుంది.

ఇక అసలు సంగతి. నువ్వు ఇక్కడ చదువుకునే రోజుల్లో మేత పెట్టిన బూడిదరంగు పావురం పిల్ల ఉంది చూడు, మసక. దానికి వానలు మొదలవగానే ఏదో జబ్బు చేసింది. తగ్గింది. తిండి బాగానే తింటోంది. కానీ కంటి ముందు నుంచి ఏదైనా పెద్దది కదిలిందంటే చాలు, దాని కళ్ళు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. వాలాల్సిన చోట వాలడం లేదు, జానెడు పక్కకి దిగుతోంది.

నువ్వు అక్కడ పావురాల కళ్ళ మీదే కదా డాక్టరేటు చేస్తున్నావు. ఇది తగ్గేదేనా? దాన్ని ఎగరనివ్వొచ్చా, గూట్లోనే ఉంచాలా? ఈ ఒక్క ముక్క తేల్చి చెప్పు. మిగతాదంతా నేను చూసుకుంటాను.

మీ బావ,
సింహాద్రి


బెంగళూరు,
జూలై

స్పీకర్ ఫోనుకి భయపడే మా బావకి, ఆశ రాసేది.

క్రేను మీద అంత ఎత్తున కూర్చునే మనిషి మా అక్కకి జడిసి దొంగచాటుగా ఉత్తరాలు రాయడం! మా ల్యాబులో అందరికీ చెప్పి నవ్వించాను. ఈ నెలలో నేను నవ్వింది అదొక్కసారే. మా గైడు "ఇక చాలు, ఉన్నది రాసేసి ముగించు" అంటున్నారు. నేను వినడం లేదు. ఇంకో మూడు పావురాల లెక్క తేలాలి.

నీ ప్రశ్నకి వస్తాను. మేము చేసేది ఇదీ. పావురాన్ని గుడ్డలో చుట్టి, తల మాత్రం బయటికుంచి, చారల తెర ముందు కూర్చోబెడతాం. చారలు మెల్లగా పక్కకి జరుగుతాయి. పావురం తల, కళ్ళు వాటితోపాటే జరుగుతాయి, ఇక జరగలేనప్పుడు చటుక్కున వెనక్కొచ్చి మళ్ళీ కొత్త చారని పట్టుకుంటాయి. ఇది పావురం కావాలని చేసేది కాదు బావా, వద్దనుకున్నా ఆగదు. చూసేదంతా ఒక్కసారిగా కదిలిందంటే లోకం కదలలేదు, నేనే కదిలాను అని మెదడు లెక్కగడుతుంది. కంట్లో పడ్డ బొమ్మ చెదిరిపోకుండా కళ్ళని దానితోపాటు నడిపిస్తుంది.

ఈ పని కోసం పావురం మెదడు అడుగున నరాల కణాల గుంపులు చిన్నవి రెండున్నాయి. ఒకదానికి తోక వైపు నుంచి ముక్కు వైపు వచ్చే కదలిక ఇష్టం. రెండోదానికి ముక్కు నుంచి తోక వైపు వెళ్ళేదీ, పైకీ కిందకీ పోయేదీ ఇష్టం. ఈ రెండూ ఒకదాన్నొకటి సర్దుకుంటూ ఉంటాయి. వీటి నుంచి కబురు వెనకనున్న చిన్నమెదడుకి పోతుంది. ఎక్కడ దెబ్బ తగిలిందో తెలియాలంటే ఏ వైపు తప్పుతోందో చూడాలి.

అక్క దగ్గర తెలుపు నలుపు నిలువు చారల చీర ఉంది, కిందటేడు నేను పెట్టిందే. మసకని గుడ్డలో చుట్టి పట్టుకో. ఇంకొకరు దాని ముందు నుంచి చీరని మెల్లగా ఎడమకి లాగాలి, తర్వాత కుడికి. రెండు కళ్ళూ తెరిచే ఉంచు. ఒక కన్ను మూస్తే మంచి పావురం కూడా ఒక దిక్కునే బాగా వెంబడిస్తుంది, నువ్వు కంగారుపడతావు. ముఖ్యంగా తల చూడు. పావురం కళ్ళకంటే తలనే ఎక్కువ తిప్పుతుంది.

ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాయి. అంతవరకూ దాన్ని ఎగరనివ్వకు.

ఆశ


గాజువాక,
ఆగస్టు

మరదలు పిల్లకి,

నువ్వు చెప్పినట్టే చేశాం. మీ అక్క అనకాపల్లి నూకాలమ్మ గుడికి వెళ్ళిన రోజు చూసి, బీరువాలోంచి చీర తీసి డాబా మీద పెట్టాం దుకాణం. పావురాన్ని నేను పట్టుకున్నాను, ఎల్లారావు ఎదురుగా నిలబడి చీర లాగాడు. పక్క డాబా మీద గంగాలమ్మ పిన్ని వడియాలు పెడుతూ, "ఏట్రా ఎల్లిగా, సీరలమ్ముకుంతన్నావేటి?" అని ఒకటే గోల. మీ అక్కకి చెప్పకుండా ఉండడానికి ఆవిడకి రెండు పండుగొప్ప చేపలు ఒప్పుకున్నాను.

ఫలితం ఇదీ. చీర కుడికి లాగితే కళ్ళు కొంచెం తడబడతాయి గానీ వెంబడిస్తాయి. ఎడమకి లాగితే మాత్రం పట్టు దొరకదు, అలిసిపోయినవాడు మెట్లెక్కినట్టు ఆగి ఆగి గెంతుతాయి. చీర ఆగిపోయాక కూడా చారలు ఇంకా ఎడమకే జారుతున్నట్టుంటుంది. కడుపులో తిప్పుతుంది. కళ్ళు మూసుకున్నా తగ్గదు. యారాడ కొండ వైపు చూస్తే కాస్త నయం.

దీన్నిబట్టి ఏమంటావు? ఇది ఎన్నాళ్ళలో సర్దుకుంటుంది? మందేమైనా ఉందా? పావురానికి వేసేదే అయినా మనుషుల మందు పేరు రాసినా ఫర్వాలేదు, ఇక్కడ పశువుల డాక్టరు దొరకడం కష్టం.

నీ మూడు పావురాల లెక్కా తేలాలని సింహాద్రి అప్పన్నకి మొక్కుకున్నాను. మీ గైడు మాట వినకు.

బావ


బెంగళూరు,
ఆగస్టు

బావా,

చీర ఆగాక కూడా చారలు జారుతున్నట్టుందని పావురం నీకు చెప్పిందా?

కడుపులో తిప్పుతోందని చెప్పిందా? కొండ వైపు చూస్తే నయంగా ఉందని చెప్పిందా? ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు, నేనూ పావురమంటే పావురమని నమ్మి పేజీలు పేజీలు రాశాను. తల చూడమని అంత గట్టిగా చెబితే నీ ఉత్తరంలో తల ఊసే లేదు. అన్నీ కళ్ళే.

ఎవరి కళ్ళు బావా అవి?

ఆశ


గాజువాక,
ఆగస్టు

ఆశకి,

పెద్ద చదువులు చదివితే ఇలాగే ఉంటుంది కాబోలు, రాసిన ప్రతి ముక్కకీ పెడర్థాలు. పిట్టని చూస్తే దాని బాధ తెలీదా? చిన్నప్పటినుంచీ పెంచుతున్నాను.

నాకేం రోగం లేదు. వానాకాలంలో జ్వరం వచ్చింది, ఊళ్ళో అందరికీ వచ్చినట్టే. మొన్ననే కంపెనీ వాళ్ళు మెడికల్ చేయించారు. అడుగు వరసలో చీమంత అక్షరాలు కూడా గడగడా చదివేశాను. రంగుచుక్కల పుస్తకంలో అంకెలూ చెప్పాను. ఫిట్ అని సంతకం పెట్టి ఇచ్చారు. డాక్టర్లకి లేని అనుమానం నీకెందుకు?

నువ్వు నీ పావురాల సంగతి చూసుకో. మీ అక్కకి ఈ గొడవేదీ చెప్పకు.

సింహాద్రి


బెంగళూరు,
సెప్టెంబరు

బావకి,

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం. నేను రోగమన్నానా? ఎవరి కళ్ళు అని మాత్రమే అడిగాను. నువ్వే జ్వరమన్నావు, మెడికల్ అన్నావు, ఫిట్ అన్నావు.

కోపంతో రాయడం లేదు. భయంతో రాస్తున్నాను, అందుకే మాట కటువుగా వస్తే ఓర్చుకో.

గోడ మీద అక్షరాలు కదలవు బావా. నిలబడి ఉన్నదాన్ని నీ కళ్ళు బ్రహ్మాండంగా చూస్తాయి. ఆ పరీక్షలో నువ్వు నూటికి నూరూ తెచ్చుకుంటావు. కానీ నీ పని కదలని గోడతో కాదు. ఓడ ఊగుతుంది, గొలుసు ఊగుతుంది, కింద నీళ్ళు జారుతుంటాయి. అమెరికా అడవుల్లో గాల్లో ఒకేచోట నిలబడి తేనె తాగే బుల్లి పిట్టలున్నాయి. వాటి మెదడులో ఆ గుంపు ఒక దిక్కుకి ముడుచుకుని ఉండదు, అన్ని దిక్కులనీ ఒకేలా కనిపెడుతుంది, లేకపోతే అవి పువ్వు ముందు నిలబడలేవు. నీ హుక్కు కూడా అలా నిలబడాల్సిందే కదా. నీకు ఇప్పుడు ఎడమ వైపు కనిపెట్టేది దెబ్బతిన్నట్టుంది. జ్వరం చిన్నమెదడుకి సెగ తగిలించి ఉండొచ్చు. నేను మనుషుల డాక్టర్ని కాదు, ఇదే అని చెప్పలేను. నరాల డాక్టరు చూడాలి, తలకి స్కాను తియ్యాలి. తగ్గే అవకాశం చాలా ఉందని ఇక్కడి డాక్టరమ్మ ఒకావిడ చెప్పారు. దాచుకుంటే మాత్రం ఎవరూ ఏమీ చెయ్యలేరు.

కొండ సంగతి కూడా నాకు గుర్తొచ్చింది. మీ నాన్న నన్ను మొదటిసారి తెప్ప ఎక్కించినప్పుడు అదే అన్నారు. "కళ్ళు తిరిగితే నీల్ల కేసి సూడకు, కొండని సూడు." సముద్రం మీద అది బంగారం లాంటి మాట. కొండ కదలదు, కంటికి విశ్రాంతి. కానీ క్రేనులో కూర్చుని నువ్వు కొండని చూస్తున్నప్పుడు, కింద సైగలిచ్చే చెయ్యిని ఎవరు చూస్తున్నారు?

ఫోన్ చేసి అక్క స్పీకర్లో చెప్పెయ్యడం నాకు నిమిషం పని. ఇంకా చెయ్యలేదు, ఎందుకంటే నీ హుక్కు కింద నిలబడేది అక్క కాదు. ఈ కవరు ఎవరి చేతుల మీదుగా నీకు అందుతోందో ఒకసారి చూసుకో. ఈ ఉత్తరం ఎల్లారావుకి చదివి వినిపించు, మొదటి నుంచి చివరిదాకా, ఒక్క ముక్క మింగకుండా. విన్నాక వాడు "ఫర్వాలేదు, ఎక్కు" అంటే నేను ఇంకో మాట మాట్లాడను.

వినిపించలేదని తెలిసిన రోజున మాత్రం ఫోన్ మోగుతుంది.

ఆశ


రేవు క్యాంటీన్,
సెప్టెంబరు

ఆశమ్మా,

నీ కవరు ఎల్లారావు తెచ్చి నా చేతిలో పెట్టాడు. క్యాంటీన్ వెనక, కేబుల్ చుట్టలు పడేసిన చోట, నేనొక్కణ్ణే కూర్చుని చదివాను. చదివి మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ పూట క్రేను నిచ్చెన ఎక్కాను. నీకు అబద్ధం చెప్పను, ఎక్కాను.

సగం దాకా వెళ్ళి ఆగాను. కిందికి చూస్తే వాడు పసుపు హెల్మెట్ పెట్టుకుని నిలబడి, నేనింకా ఎక్కలేదేమిటని తల ఎత్తి చూస్తున్నాడు. దిగి వచ్చాను. "ఏటయ్యింది బావా?" అన్నాడు. "కూకో, ఒకటి సదవాలి" అన్నాను.

చదివాను. మధ్యలో ఆగి, నీళ్ళు తాగి మళ్ళీ చదివాను. వాడు కాలితో నేల మీద ఇసుకని అటూ ఇటూ తోస్తూ కూర్చున్నాడు.

నీకు రాయనిది ఒకటుంది. జూన్ ఆఖర్లో గ్రానైట్ దిమ్మలు ఓడకెక్కిస్తున్నాం. దిమ్మ గాల్లో ఉండగా పక్క నుంచి టగ్గు పడవ పోయింది, ఓడ కదిలింది. లోకమంతా ఎడమకి జారిపోయింది నాకు. మా నాన్న మాటే గుర్తొచ్చి యారాడ కొండ వైపు చూశాను. అదే పట్టున ఎల్లారావు చెయ్యి అడ్డంగా చాపాడట, ఆగమని. నేను చూడలేదు. దిమ్మ దిగిపోయింది, వాడు నిలబడే చోటికి జానెడు పక్కన. అందరూ గాలి అనుకున్నారు. నేనూ గాలే అన్నాను. మసక వాలే చోట కాక పక్కన వాలుతోందని నీకు రాశానే, అది ఇదే.

ఇదంతా వాడికి చెప్పి, తల దించుకుని, "నాను సంపేసుందును రా నిన్ను" అన్నాను.

వాడు ఏమన్నాడో తెలుసా? "నాకు తెల్సు బావా. ఆ రోజు నాను నీ క్యాబిన్ అద్దం కేసే సూత్తన్నాను. నీ మొకం కొండ కేసి ఉంది."

"తెలిసీ మరేటి సెప్పలేదురా?"

"డాబా మీద సీర లాగింది నానే కదేటి? పిట్ట తల సుబ్బరంగా తిప్పింది. తిప్పలేనివి నీ కళ్ళు. ఎలగ సెప్పమంతావు? క్రేను పోతే నువ్వేటైపోతావో అని నోరు రానేదు. నువ్వే సెప్తావనుకున్నాను."

"మరి రోజూ నా కిందే నిలబడతన్నావు కదరా!"

"ఆ రోజు కాడి నుంచీ రెండడుగులు ఎనక్కి నిలబడతన్నాను బావా. నువ్వు సూళ్ళేదు."

ఆశా, రోజూ అదే చోటు, అదే మనిషి. వాడు నా మీద భయంతో రెండడుగులు వెనక్కి జరిగితే పైనుంచి నాకు కనబడలేదు. అక్షరాలన్నీ చదివిన కళ్ళకి అది కనబడలేదు. ఏడుపొచ్చింది. కేబుల్ చుట్ట మీద కూర్చుని పిల్లాడిలా ఏడ్చాను. వాడు నా వీపు మీద చెయ్యేసి, "ఎక్కద్దు బావా" అన్నాడు. అంతే అన్నాడు.

లేచి మొహం కడుక్కుని తిన్నగా సూపర్‌వైజరు గుణశేఖర్ గారి దగ్గరికి వెళ్ళాను. ఎల్లారావు వెనకే వచ్చాడు. జ్వరం, కళ్ళు, కొండ, దిమ్మ, అన్నీ చెప్పాను. ఆయన "మెడికల్లో ఫిట్ అని ఉంది కదయ్యా" అన్నారు. "ఆళ్ళు కదల్ని అక్షరాలే సూపించేరు సార్" అన్నాను. క్రేను తాళం ఆయన బల్ల మీద పెట్టేశాను.

ఇక మీ అక్కకి చెప్పాలి. గ్రానైట్ దిమ్మ కంటే అదే బరువుగా ఉంది.

మీ బావ,
సింహాద్రి


బెంగళూరు,
సెప్టెంబరు

బావా,

నీ ఉత్తరం చదివి ల్యాబులో చీకటి గదిలోకి వెళ్ళి ఏడ్చాను. తెర ముందున్న పావురం నా వైపు ఒక కంటితో చూసింది.

ఒక్క పని చెబుతాను. పావురం నడిచేటప్పుడు తల ముందుకీ వెనక్కీ ఊగుతుందని అందరం అనుకుంటాం. నిజానికి అది తలని గాల్లో ఒకచోట నిలిపి ఉంచుతుంది, ఒళ్ళు మాత్రం ముందుకి నడుస్తుంది. లోకం నిలబడి కనిపించాక తల ముందుకి చాపి మళ్ళీ నిలుపుతుంది. డాక్టరు ఏ కసరత్తు చెప్పినా, మెట్లెక్కేటప్పుడైనా, రోడ్డు దాటేటప్పుడైనా నువ్వూ అలాగే చెయ్యి. తల నిలుపు, చూడు, అప్పుడు కదులు. సిగ్గుపడకు, ఎవరైనా నవ్వితే మా మరదలు నేర్పిందని చెప్పు.

అక్కకి నేను చెప్పను. నువ్వే చెప్పాలి.

ఆశ


గాజువాక, మన ఇల్లు,
డిసెంబరు

మరదలు పిల్లకి బావ రాసేది.

పైన అడ్రసు చూశావా? ఎల్లారావు ఇల్లు కాదు, మన ఇల్లు. మీ అక్క పక్కనే కూర్చుని నేను రాసే ప్రతి ముక్కా చదువుతోంది.

చెప్పిన రోజు పులిలా లేచింది. "నాకు సెప్పకుండా సెల్లికి సెప్తావా? నాను నీకేటవుతానసలు?" అని రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే ముందు నడిచి నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. స్కాను తీశారు. నువ్వన్నట్టే, జ్వరం చిన్నమెదడుని తాకిపోయిందట, పుండు కాదు, గడ్డ కాదు. నెలలు పడుతుంది, తగ్గాలి అన్నారు. పూర్తిగా తగ్గుతుందా అని అడిగితే, "కష్టపడు, చూద్దాం" అన్నారు. కష్టపడటానికి నాకేం అడ్డు?

పొద్దున్నే బొటనవేలు ముందుంచుకుని తల అటూ ఇటూ తిప్పుతాను. సాయంత్రం మీ అక్క డాబా మీద చారల చీర లాగుతుంది. ముందు నెమ్మదిగా లాగేది, ఇప్పుడు కోపమొచ్చిన రోజున కావాలనే జోరుగా లాగుతోంది. మొన్నటిదాకా ఎడమకి మూడు చారల తర్వాత తప్పిపోయేవాణ్ణి. ఇప్పుడు చీర కొంగుదాకా పట్టుకోగలుగుతున్నాను. మీ అక్క నా పావురాలకి తనే మేత వేస్తోంది, ఎవరికీ చెప్పకు. మసక రెండు గుడ్లు పెట్టింది. దానికి ఏనాడూ ఏ జబ్బూ లేదు పాపం.

కంపెనీలో నన్ను కిందే ఉంచారు. పైన ఇప్పుడు సాయిశంకర్ అనే కుర్రాడు. కింద ఎల్లారావు సైగలిస్తాడు, నేను వాడి పక్కన నిలబడి గొలుసులు చూసుకుంటాను. మొదటి వారం పైకి చూస్తే క్యాబిన్ నాదే అనిపించి గుండె పిండేసేది. ఇప్పుడూ అనిపిస్తుంది. కానీ తలెత్తి, నిలిపి, చూసి, అప్పుడే కదులుతున్నాను. పావురంలా నడుస్తున్నానని బెర్తు మీద అందరూ నవ్వుతున్నారు. మా మరదలు నేర్పిందని చెబుతున్నాను.

మళ్ళీ పరీక్ష వేసవిలో. ఈసారి గోడ మీద అక్షరాలు కాదు, కదిలే చారలు పెట్టమని నేనే అడిగాను. అది దాటితేనే ఎక్కుతాను, దాటకపోతే ఎక్కను. ఈ మాట మీ అక్క ముందు, ఎల్లారావు ముందు ఒట్టేసి చెప్పాను.

నీ మూడు పావురాల లెక్కా తేలిందని విన్నాం. మీ గైడు గారికి మా నమస్కారాలు. ఇక ఉత్తరాలు వద్దు, ఫోన్ చెయ్యి. మీ అక్క స్పీకర్ నొక్కుతుంది, నొక్కనీ.

ఒకటి మర్చిపోయాను. నిన్న ఎల్లారావు సుద్దముక్క తెచ్చి బెర్తు మీద ఒక గీత గీశాడు, నా రోజుల్లో వాడు నిలబడే చోట. వాడు ఇప్పుడూ దానికి రెండడుగుల వెనకే నిలబడుతున్నాడు. ఎందుకురా, సాయిశంకర్ చెయ్యి మంచిదే కదా అన్నాను. "ఆడు మంచోడే. ఆ గీత మాత్రం నీది. నువ్వెక్కిన్నాడే నాను ముందుకొచ్చి దాని మీద నిలబడతాను" అన్నాడు. పొద్దున్న వాన పడి గీత చెరిగిపోతే, మళ్ళీ గీసుకున్నాడు.

మీ బావ,
సింహాద్రి